డాష్‌హండ్ వెనుక కాళ్ళు పడిపోతున్నాయి, ఆక్యుపంక్చర్‌ను నమ్మవచ్చా?

బిట్టువాళ్ళమ్మ
మా బిట్టు డాష్‌హండ్ జాతి కుక్క, ఏడేళ్ళ వయసు. పదకొండు రోజుల క్రితం సోఫా మీద నుంచి దూకి ఒక్క అరుపు అరిచాడు. ఆ రోజంతా వీపు విల్లులా వంచుకుని మూలన నక్కాడు. మర్నాటికి వెనుక కాళ్ళు తడబడ్డాయి. ఇప్పుడు నిలబెడితే నాలుగు అడుగులు తూలుతూ వేసి కూలబడుతున్నాడు. ఎక్స్‌రే తీసిన డాక్టర్ గారు వెన్నుపూసల మధ్య డిస్క్ జారి ఉంటుందన్నారు. కచ్చితంగా తెలియాలంటే ఎంఆర్‌ఐ కావాలట, దానికి హైదరాబాద్ తీసుకెళ్ళాలి. ప్రస్తుతానికి మాత్రలు రాసి, నాలుగు వారాలు గూట్లోంచి కదలనివ్వవద్దన్నారు.

మా పై అంతస్తు వాళ్ళు ఆక్యుపంక్చర్ చేసే పశువైద్యురాలు ఒకరు ఉన్నారని చెప్పారు. నాకు ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది. భయానికి కారణం ఉంది. మూడేళ్ళ క్రితం మా లాబ్రడార్ రాజు ముందు కాలు కుంటుతుంటే, మనుషులకు ఆక్యుపంక్చర్ చేసే ఒకాయన ఇంటికి వచ్చి పదిసార్లు సూదులు పెట్టాడు. తొమ్మిది వేలు తీసుకున్నాడు. ప్రతిసారీ "ఈ రోజు శక్తి బాగా ప్రవహించింది" అనేవాడు. రెండు నెలలయ్యాక ఎక్స్‌రే తీయిస్తే ఎముక క్యాన్సర్ అని తేలింది. ఆ రెండు నెలలూ నేను రాజుకు నొప్పి మందు కూడా వేయలేదు. మందులు వేస్తే సూదులు పనిచేయవని ఆయన చెప్పాడు, నేను నమ్మాను. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే సూటిగా అడుగుతున్నాను. ఇది నిజంగా వైద్యమేనా? కుక్కకు గుణం కనిపించడం మీలో ఎవరైనా కళ్ళారా చూశారా?

వరండాకుర్చీ
ఆక్యుపంక్చర్ సంగతి తర్వాత. మూత్రం తనంతట తాను పోస్తున్నాడా? ముందు అది చెప్పండి.

బిట్టువాళ్ళమ్మ
పోస్తున్నాడు. పడుకున్నచోటే పోస్తున్నాడు, గుడ్డలు తడుస్తున్నాయి.

రిటైర్డ్‌పశువైద్యుడు
వరండాకుర్చీ గారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అమ్మా, గుడ్డలు తడవడం వేరు, మూత్రం పోయడం వేరు. నరాల పట్టు తప్పితే మూత్రాశయం నిండిపోయి, నిండుకుండ నుంచి పొర్లినట్టు చుక్కలు చుక్కలుగా కారుతుంది. చూసేవారికి పోస్తున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం నిల్వ ఉండిపోయి చీము పడుతుంది. పొట్ట వెనుక భాగాన్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా పట్టి చూడండి. గుడ్డలు తడిపిన తర్వాత కూడా బత్తాయిలా గట్టిగా తగిలితే ఈ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రోజుకు మూడు నాలుగు సార్లు చేత్తో నొక్కి ఖాళీ చేయడం నేర్పిస్తారు.

ఇంకొకటి. వెనుక పాదం వేలిని గట్టిగా నొక్కితే ఏం చేస్తాడో డాక్టర్ గారు చూశారా? కాలు వెనక్కి లాక్కోగానే "నొప్పి తెలుస్తోంది" అని చాలామంది సంతోషపడతారు. మెదడుకు కబురు వెళ్ళకపోయినా వెన్నుపాము ఆ పని చేయిస్తుంది. తల తిప్పి చూడాలి, మూలగాలి, కరవబోవాలి. అప్పుడే కబురు పైదాకా వెళ్తున్నట్టు. ఆ లోతు నొప్పి కూడా తెలియని దశకు చేరితే ఇక ప్రతి గంటా ముఖ్యమే. అక్కడ శస్త్రచికిత్స చేసినా దాదాపు సగం కుక్కలే మళ్ళీ నడుస్తాయి. ఆ దశలో సూదుల కోసం వారం వేచి చూడటం మహా తప్పు.

బిట్టువాళ్ళమ్మ
వేలు నొక్కితే డాక్టర్ గారి చేతిని కరవబోయాడు. మూత్రాశయం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే బయలుదేరుతున్నాను.

సీతమ్మధార
మీ పాత అనుభవం చదివి మనసు కలుక్కుమంది. అయితే ఆ ఒక్క మనిషిని చూసి వైద్యాన్నే తోసిపారేయకండి. మా లాబ్రడార్ చందుకు పన్నెండేళ్ళు. తుంటి కీళ్ళు రెండూ అరిగిపోయాయి. నొప్పి మాత్రలు వాడితే కిడ్నీ పరీక్షలో అంకెలు పెరిగాయి, డాక్టర్ ఆపేయమన్నారు. ఇక దారి లేక ఆక్యుపంక్చర్ మొదలుపెట్టాము. చేసింది పశువైద్యులే. వారానికి ఒకసారి, ఒక్కోసారికి పన్నెండు వందలు. మొదటి మూడు సార్లూ ఏమీ కనిపించలేదు. నాలుగోసారి తర్వాత, ఆరు నెలలుగా మెట్లెక్కనివాడు మేడ మీదికి వచ్చి వడియాలు ఆరబెట్టిన గుడ్డ పక్కన కూర్చున్నాడు. నేను ఏడ్చాను. వడియాలు కొన్ని తక్కువైనా ఎవరూ అడగలేదు.

మూడుకాళ్ళరాణి
చందూకు నా తరఫున ఇంకో నాలుగు వడియాలు.

లెక్కలమేష్టారు
సీతమ్మధార గారి ఆనందాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ప్రశ్న అడిగిన వారు మోసపోయి ఉన్నారు కాబట్టి, లెక్క కూడా వారి ముందు ఉండాలి. కీళ్ళనొప్పి ఒకే తీరున ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది. మనం వైద్యం కోసం పరుగెత్తేది బాగా పెరిగినప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా చేయకపోయినా కొంత తగ్గే అవకాశం ఎక్కువ. ఆ తగ్గుదల అప్పుడు ఏ వైద్యం చేయిస్తున్నామో దాని ఖాతాలో పడుతుంది.

జంతువులకు భ్రమ ఉండదు కదా అని అంటారు. నిజమే, కానీ చూసే మనకు ఉంటుంది. 2012లో అమెరికాలో కుంటే కుక్కల మీద ఒక పరిశీలన వచ్చింది. మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసిన కుక్కల విషయంలో కూడా, నడక యంత్రం మీద కొలిస్తే ఏ మార్పూ లేకపోయినా, యజమానులు బాగుపడిందని చెప్పిన సందర్భాలు నూటికి 40 దాకా ఉన్నాయి. పరీక్షించిన పశువైద్యులు కూడా దాదాపు అంతే పొరబడ్డారు. ప్రేమ ఉన్నచోట కళ్ళు మంచినే వెతుకుతాయి.

ఇక ఆక్యుపంక్చర్ మీదే చేసిన పని. 2006లో జంతువుల మీద జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి చూశారు, లాటరీ పద్ధతిలో విభజించి చేసినవి 14, అలా కానివి 17. ఏ జబ్బుకూ వాడమని గానీ వద్దని గానీ చెప్పేంత బలమైన సాక్ష్యం దొరకలేదు. అదే ఏడాది మోచేతి కీలు అరిగిన తొమ్మిది కుక్కలకు సూదులకు కరెంటు పెట్టి చూస్తే, కాలు నేల మీద మోపే బలంలో తేడా రాలేదు.

సీతమ్మధార
తొమ్మిది కుక్కలతో ఏం తేలుతుంది మేష్టారూ? నా చందు ఒక్కడు లెక్కలోకి రాడంటే, మీ తొమ్మిదీ ఎలా వస్తాయి? నేను రోజూ చూసే బిడ్డ వాడు. మెట్లెక్కాడా లేదా అన్నది నా కళ్ళు పొరబడే విషయం కాదు.

లెక్కలమేష్టారు
తొమ్మిది తక్కువే, ఒప్పుకుంటున్నాను. మెట్లెక్కడం మంచి కొలత అని కూడా ఒప్పుకుంటున్నాను, "హుషారుగా ఉన్నాడు" అనడం కంటే ఎంతో మేలు. నా ప్రశ్న ఒక్కటే: ఆ నెలలో ఇంకేమైనా మారిందా?

సీతమ్మధార
బరువు తగ్గించాము. పెరుగన్నం సగం చేశాము. 38 కిలోల నుంచి 34కు వచ్చాడు.

వరండాకుర్చీ
నాలుగు కిలోలు! తుంటి కీళ్ళకు అది చాలా పెద్ద మాట. అమెరికాలో 48 లాబ్రడార్లను పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించారు. తోటి కుక్క కంటే పావువంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళవాతం కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. మన ఇళ్ళలో కుక్కకు నెయ్యన్నం పెట్టడమే ప్రేమ అనుకుంటాము. ముద్ద తగ్గించడం కూడా ప్రేమే.

సీతమ్మధార
సరే, బరువు వల్ల సగం, సూదుల వల్ల సగం అనుకుందాం. ఆ సగం కోసం నేను మళ్ళీ పన్నెండు వందలూ ఇస్తాను. సూదులు పెట్టించుకుంటూ వాడు గురక పెట్టి నిద్రపోయేవాడు. హింస అనేవారు అది చూడాలి.

రిటైర్డ్‌పశువైద్యుడు
నా ఉద్యోగమంతా అనంతపురం, కర్నూలు పల్లెల్లోనే గడిచింది. అక్కడ ఎద్దు కుంటితే జబ్బ మీద వాత పెట్టేవారు. కాల్చిన ఇనుప కడ్డీతో, ముగ్గు వేసినట్టు గీతలు. వాత పెట్టినవారెవరూ చెడ్డవారు కారు, ఎద్దే వాళ్ళ జీవనం. పది రోజులకు ఎద్దు లేచి నడిచేది, వాత గెలిచేది. వాత పెట్టని ఎద్దు కూడా పది రోజులకు నడిచేది, కానీ దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. వాత పెట్టిన ఎద్దుకు పది రోజులు కాడి కట్టరు కదా, ఆ విశ్రాంతే మందు. మేష్టారు చెబుతున్నది నేను కళ్ళతో చూశాను.

అయినా ఆక్యుపంక్చర్‌ను వాతల గంపలో వేయలేను. ఒక కారణం చెబుతాను. సిజేరియన్ చేసి తీసిన కుక్కపిల్లలు కొన్ని ఊపిరి తీయవు. ముక్కు కింద, పై పెదవి మధ్య గాడి ఉంటుంది చూడండి, అక్కడ సన్నని సూది గుచ్చి తిప్పితే ఒక్కసారిగా ఊపిరి అందుకున్న పిల్లలను నేను చూశాను. మత్తులో ఊపిరి ఆగిన జంతువులకు అదే చోట గుచ్చిన అనుభవాల మీద 1979లోనే పశువైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. అన్ని పిల్లలూ బతికాయని చెప్పను. తువ్వాలుతో రుద్దడం, ఆక్సిజన్ ఇవ్వడం కూడా చేస్తూనే గుచ్చేవాణ్ణి.

నరాలబడి
శక్తి ప్రవాహం, నాడీమార్గాలు అనే మాటలు పక్కన పెట్టినా సూదికి శరీరం స్పందిస్తుంది. నొప్పి కబురు వెన్నుపాము దగ్గర ఒక ద్వారం దాటాలని, ఇతర స్పర్శలు ఆ ద్వారాన్ని మూయగలవని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దెబ్బ తగిలినచోట మనం రుద్దుకోవడం అందుకే. 1970ల్లో సూదులతో తగ్గిన నొప్పి, నలోక్సోన్ అనే మందు ఇస్తే తిరిగి వచ్చిందని చూపారు. నల్లమందు జాతి మందులకు విరుగుడు అది. అంటే శరీరం తన సొంత నొప్పిమందును వదులుతోందన్నమాట. 2010లో ఎలుకల మీద చేసిన పనిలో సూది గుచ్చి తిప్పినచోట, నొప్పిని తగ్గించే అడినోసిన్ అనే పదార్థం పెరగడం కనిపించింది. కాబట్టి నొప్పి కొంత తగ్గుతుందని అనుకోవడానికి ఆధారం ఉంది.

జారిన డిస్క్‌ను ఇదంతా లోపలికి నెట్టదు. క్యాన్సర్ గడ్డను కరిగించదు. మందులు వేస్తే సూదులు పనిచేయవన్నది పచ్చి అబద్ధం. మీ రాజు విషయంలో జరిగిన ద్రోహం ఆ అబద్ధంలోనే ఉంది.

డల్లాస్‌గోదావరి
నాకూ డాష్‌హండే, పేరు జున్ను. ఇక్కడ ఆక్యుపంక్చర్ చేసేవారిలో చాలామంది ముందు పశువైద్యం చదివి, తర్వాత ప్రత్యేకంగా శిక్షణ తీసుకుంటారు. అంతర్జాతీయ పశు ఆక్యుపంక్చర్ సంఘం 1974 నుంచీ ఉంది. జున్నుకు కాళ్ళు పూర్తిగా పడిపోయాయి, లోతు నొప్పి కూడా తెలియలేదు. అదే రాత్రి ఎంఆర్‌ఐ, తెల్లవారకముందే ఆపరేషన్. మొత్తం ఎనిమిది వేల డాలర్లు దాటింది, పెంపుడు జంతువుల బీమా ఉండబట్టి గట్టెక్కాము. ఆపరేషన్ తర్వాత ఎనిమిది వారాలు కరెంటు సూదులు, నీటిలో నడక చేయించాము. ఇప్పుడు కొంచెం ఊగుతూ నడుస్తుంది, ఉడతను చూస్తే ఆ ఊగడం కూడా మర్చిపోతుంది.

నన్ను అడిగితే కత్తే బతికించింది. సూదులు కోలుకునే రోజుల్లో వీపు బిగుసుకుపోవడాన్ని తగ్గించాయి. మర్దన చేసినా అంతే తగ్గేదేమో, పోల్చి చూడటానికి నాకు ఇంకో జున్ను లేదు.

నరాలబడి
డిస్క్ జబ్బుకే వస్తే సాక్ష్యం కీళ్ళనొప్పి కంటే కొంచెం మెరుగు. 2007లో 50 కుక్కల మీద చేసిన పరీక్షలో, మామూలు మందులతో పాటు కరెంటు సూదులు పెట్టినవాటిలో, కాళ్ళు బాగా బలహీనపడినవి సగటున 10 రోజులకు నడిచాయి. మందులు మాత్రమే వాడినవి దాదాపు 21 రోజులకు. 2010లో బ్రెజిల్ నుంచి వచ్చిన పరిశీలనలో, రెండు రోజులకు పైగా కాళ్ళు పడిపోయి ఉన్న 19 కుక్కల్లో సూదులతో 15 కోలుకున్నాయి, ఆపరేషన్ మాత్రమే చేసిన 10లో 4.

లెక్కలమేష్టారు
ఆ రెండో దాన్ని చూసి ఎవరూ ఆపరేషన్ మానుకోకండి, దయచేసి. ఆపరేషన్ గుంపు పాత రికార్డుల నుంచి తీసినది, సూదుల గుంపు కొత్తగా చేర్చినది. లాటరీ వేసి విడదీసినవి కావు. 4కూ 15కూ మధ్య తేడా వైద్యం వల్ల వచ్చిందో, కుక్కల స్థితి వల్ల వచ్చిందో చెప్పలేము. మొదటిది మెరుగే, కానీ అందులో ఉత్తుత్తి సూదులు పెట్టిన గుంపు లేదు. ప్రతిరోజూ ఎవరో చేతులు వేసి, కాళ్ళు కదిపి, శ్రద్ధగా చూసిన కుక్క త్వరగా లేచి ఉండవచ్చు కదా.

నరాలబడి
ఆ మాటకు ఎదురు చెప్పలేను. కానీ పది రోజుల ముందు నడవడం అంటే పది రోజుల ముందు పుండ్లు, మూత్రం బాధ తప్పడం. హాని తక్కువ ఉన్నచోట ఆ మాత్రం ఆశ చాలదా?

మూడుకాళ్ళరాణి
పిల్లులను కూడా తలచుకోండి. పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90లో కీళ్ళ అరుగుదల కనిపించిందని 2002లో వచ్చింది. పిల్లి కుంటదు, దూకడం మానేస్తుంది, "ముసలిదైంది" అని వదిలేస్తాము. మా రాణికి మూడే కాళ్ళు కాబట్టి మిగిలిన తుంటి మీద భారం ఎక్కువ. ఆక్యుపంక్చర్‌కు తీసుకెళ్తే రెండు సూదులు పెట్టించుకుని, మూడోది పెట్టేలోపు ముళ్ళపందిలా బీరువా కిందికి దూరింది. ఇరవై నిమిషాలు డాక్టర్ గారూ నేనూ నేల మీద పడుకుని బతిమాలాము. రెండోసారి వెళ్ళలేదు. పిల్లి ఒప్పుకోకపోతే బలవంతం వద్దు, ఆ భయం నొప్పి కంటే చెడ్డది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నొప్పి అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ పిల్లికి వేయకండి, ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి.

రిటైర్డ్‌పశువైద్యుడు
కుక్కకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా వేయకండి. మనిషికి మోకాళ్ళ నొప్పికి వాడే మాత్రతో కడుపులో పుండు పడి, నల్లటి విరేచనంతో వచ్చిన కుక్కలు నా దగ్గరికి నెలకు ఒకటైనా వచ్చేవి. స్టెరాయిడ్, నొప్పి మాత్ర రెండూ కలిపి వేయడం మరీ ప్రమాదం. బిట్టుకు రాసిన చీటీలో రెండూ ఉన్నాయేమో చూసుకోండి.

కూకట్‌పల్లివీధి
నా అనుభవం వేరే దిక్కున ఉంది. మా వీధి కుక్క గౌరికి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికింది, కానీ ఎడమ దవడ, ముందు కాలు గడియారంలా కొట్టుకుంటూనే ఉండేవి. నిద్రలో కూడా. నలుగురం చందా వేసుకుని ఎనిమిది సార్లు ఆక్యుపంక్చర్ చేయించాము. ఫోనులో వీడియో తీసి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టాము. మొదటి రోజు 62, చివరి రోజు 60. చేసిన డాక్టర్ గారే ఆ వీడియో చూసి, ఇక డబ్బు పెట్టకండి, మంచి తిండి పెట్టండి అన్నారు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. గౌరి ఇప్పటికీ ఉంది, కొట్టుకునే దవడతోనే ఇడ్లీ తింటుంది.

ఏనుగుబొమ్మ
ఇది చైనా వైద్యమనే చిన్నచూపు కొందరిలో ఉంది. మన దగ్గర కూడా ఉండేదని చదివాను. శ్రీలంకలో ఏనుగు శరీరం మీద బిందువులు గుర్తించిన పటం ఉందట కదా? పాలకాప్యుడి హస్త్యాయుర్వేదం, శాలిహోత్రుడి అశ్వవైద్యం మనవే.

రిటైర్డ్‌పశువైద్యుడు
హస్త్యాయుర్వేదం, శాలిహోత్రం గొప్పవి, మన పశువైద్యానికి మూలపురుషులు వాళ్ళే. కానీ ఆ పటంలోని బిందువులు మావటివాళ్ళవి. అంకుశంతో ఎక్కడ తాకితే ఏనుగు ఆగుతుంది, కూర్చుంటుంది, ఎక్కడ తాకితే ప్రాణానికి ముప్పు అన్నది చెప్పేవి. దాన్ని సూదుల వైద్యమని కొన్ని పుస్తకాల్లో రాశారు. మనది కానిదాన్ని మనదనుకుంటే మనదైనదాని విలువ కూడా తగ్గుతుంది.

బిట్టువాళ్ళమ్మ
వచ్చాను. మూత్రాశయం నిండే ఉంది. వరండాకుర్చీ గారూ, మీరు అడగకపోతే నాకు తెలిసేది కాదు. డాక్టర్ గారు ఖాళీ చేసి, నాకు నేర్పించారు. మొదటిసారి నా చేతులు వణికాయి, మూడోసారికి వచ్చింది. మూత్రంలో చీము ఉందని మందు రాశారు. చీటీలో స్టెరాయిడ్ లేదు, చూసుకున్నాను. లోతు నొప్పి బాగానే తెలుస్తోందట, కాళ్ళలో కొంత కదలిక ఉంది కాబట్టి విశ్రాంతితో చూడవచ్చు, తగ్గుముఖం పట్టకపోతే వెంటనే హైదరాబాద్ అన్నారు. ఆక్యుపంక్చర్ గురించి అడిగాను. "నాకు పెద్ద నమ్మకం లేదు, అభ్యంతరమూ లేదు, గూటి విశ్రాంతి మాత్రం ఆపవద్దు" అన్నారు.

రిటైర్డ్‌పశువైద్యుడు
నిజాయితీగా చెప్పారు. చేయించాలనుకుంటే ముందు రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు చూడమనండి. మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు సూది గుచ్చితే లోపల రక్తం కమ్ముతుంది. ఆ జ్వరమే కీళ్ళనొప్పులు కూడా తెస్తుంది. కుంటుతున్నదని సూదులకు తీసుకొచ్చిన కుక్కకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే సరిపోయిన సందర్భాలు నాకు చాలా తెలుసు. ఇక గడ్డ ఉన్నచోట, పుండు ఉన్నచోట, కడుపుతో ఉన్నదానికి సూదులు పెట్టరు. మూర్ఛలు ఉంటే కరెంటు పెట్టరు. మీరు ఇవేమీ చెప్పకముందే వాళ్ళంతట వాళ్ళు అడుగుతారా లేదా చూడండి. అడిగితే ఆ మనిషి దగ్గర చేయించవచ్చు.

వరండాకుర్చీ
చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన పశువైద్యులే జంతువులకు వైద్యం చేయాలి. ఆక్యుపంక్చర్‌ను 2019లో కేంద్రం ప్రత్యేక చికిత్సా పద్ధతిగా గుర్తించిందని కొందరు కాగితం చూపిస్తారు. అది మనుషుల వైద్యానికి సంబంధించినది. రాజు విషయంలో వచ్చినాయన లాంటివారు మళ్ళీ తలుపు తడితే నమోదు సంఖ్య అడగండి.

బంగారుకొట్టు
కుక్కలకు ఆక్యుపంక్చర్ బిందువుల్లో బంగారు పూసలు పెడతారని విన్నాను, నిజమేనా?

లెక్కలమేష్టారు
నిజమే. తుంటి కీళ్ళకు పెడతారు. 2001లో ఫిన్లాండ్‌లో 38 కుక్కల మీద చేస్తే పూసలు పెట్టినవాటికీ పెట్టనివాటికీ తేడా రాలేదు. 2006లో 78 కుక్కల మీద చేస్తే మేలు కనిపించింది. ఒకటి అవునంటే ఒకటి కాదంటుంది. ఒకసారి పెడితే తీయడం కష్టం, ఎక్స్‌రేలో జీవితాంతం మెరుస్తూ ఉంటాయి. నేనైతే పెట్టించను.

బిట్టువాళ్ళమ్మ గారికి ఒక కోరిక. మీరు సూదులు చేయించినా మానినా ఒక నోటుపుస్తకం పెట్టండి. కూకట్‌పల్లివీధి గారు చేసినట్టు అంకెలు రాయండి. పడకుండా ఎన్ని అడుగులు, తనంతట ఎన్నిసార్లు మూత్రం. వారం వారం ఒకేచోట, ఒకే వెలుతురులో వీడియో తీయండి. ఎన్నిసార్లు చేయించేదీ, ఏ అంకె చేరకపోతే ఆపేదీ ముందే రాసుకోండి. రాజు విషయంలో ఆయన మిమ్మల్ని పదిసార్లు లాగగలిగింది ఆ గీత లేకపోవడం వల్లే.

సీతమ్మధార
ఇది మంచి మాట. మేష్టారితో ఇంతసేపు వాదించాను కానీ, నేను కూడా ఇలా రాసి ఉంటే చందు గురించి ఇప్పుడు మరింత గట్టిగా చెప్పగలిగేదాన్ని.

డల్లాస్‌గోదావరి
నేల సంగతి ఎవరూ చెప్పలేదు. మన అపార్ట్‌మెంట్లలో నున్నటి టైల్స్ మీద బలహీనమైన కాళ్ళు జారిపోతాయి. గూటి నుంచి తలుపు దాకా గోనెపట్టాలో, పాత యోగా చాపలో పరవండి. బయటికి తీసుకెళ్ళేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి వెనుక భాగాన్ని ఎత్తి పట్టుకోండి. ఎత్తుకుంటే ఛాతీ కింద ఒక చేయి, తుంటి కింద ఒక చేయి. మెడపట్టీ తీసేసి ఛాతీపట్టీ వేయండి.

బిట్టువాళ్ళమ్మ
అయిదు వారాలయింది, చెప్పకుండా ఉండలేక వచ్చాను.

ప్లేట్‌లెట్లు చూపించాము, బాగున్నాయి. పై అంతస్తు వాళ్ళు చెప్పిన పశువైద్యురాలి దగ్గరికి వెళ్తే నేను నోరు తెరవకముందే మూత్రం, గడ్డలు, మూర్ఛలు, వాడుతున్న మందులు అన్నీ అడిగారు. మందులు ఆపవద్దని ఆవిడే అన్నారు. ఆ ఒక్క మాటకే నా కళ్ళు చెమ్మగిల్లాయి. అయిదుసార్లు అని ముందే రాసుకున్నాము, అయిదుసార్లే చేయించాము. గూట్లో ఉంచి కారులో తీసుకెళ్ళి, గూట్లోనే తీసుకొచ్చాము. వెన్ను పక్కన సన్నని సూదులు, రెండింటికి సన్నటి కరెంటు, పదిహేను నిమిషాలు. మొదటిసారి వణికాడు, మూడోసారి నా ఒళ్ళో నిద్రపోయాడు.

పుస్తకంలోని అంకెలు, మేష్టారి కోసం. మొదటి వారం 4 అడుగులు. రెండో వారం 6. సూదులు మొదలైంది ఆ వారం చివర. మూడో వారం 15. నాలుగో వారం 40, మూత్రం పూర్తిగా తనంతట తానే. ఇప్పుడు హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పడకుండా వస్తున్నాడు, మలుపులో మాత్రం కుడి కాలు ఎడమ కాలికి అడ్డం పడుతోంది.

లెక్కలమేష్టారు
చాలా సంతోషం. గూటి విశ్రాంతితో కూడా ఈ దశలో చాలా కుక్కలు ఇలాగే కోలుకుంటాయి, కాబట్టి సూదుల వాటా ఎంతో ఈ అంకెలు చెప్పవు. కానీ నాలుగు నుంచి నలభైకి రావడం మాత్రం నిజం. చాలా కాలం తర్వాత ఒక లెక్క చూసి ఇంత ఆనందపడ్డాను.

సీతమ్మధార
నేను సూదుల ఖాతాలోనే వేసుకుంటున్నాను. చందు తరఫున బిట్టుకు వడియాలు పంపుదామంటే బరువు పెరుగుతాడని ఊరుకుంటున్నాను.

వరండాకుర్చీ
మళ్ళీ సోఫా ఎక్కనివ్వకండి. ఒకసారి డిస్క్ జారినవాడికి ఇంకోటి జారే అవకాశం ఉంది.

బిట్టువాళ్ళమ్మ
ఎక్కనివ్వకపోతే దాని ముందు కూర్చుని రాత్రంతా మొరుగుతున్నాడు. అందుకని మావారు వడ్రంగిని పిలిపించి సోఫా కాళ్ళు నాలుగూ కోయించేశారు. ఇప్పుడు అది నేల నుంచి ఒక జానెడే ఉంది, ముందు ఒక చెక్క వాలుగా వేసి గోనెపట్టా అంటించాము. ఆక్యుపంక్చర్ వద్దన్నది కూడా ఆయనే, వారం వారం కారు నడిపిందీ ఆయనే. అత్తగారు అంత కిందికి కూర్చుని లేవలేకపోతున్నారు, ఆవిడ కోసం నిన్న ఒక చేతుల కుర్చీ కొన్నాము.